బాయిసీ కొండల్లో సేజ్‌బ్రష్ కింద కనిపించిన బుల్లి నీలం పూవు ఏమిటి? ధర్మవరంలో వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏప్రిల్ మొదటి వారంలో, అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని బాయిసీ ఊరి పైనున్న కొండల్లో, హల్స్ గల్చ్ దారిలో నడుస్తుంటే సేజ్‌బ్రష్ పొదల కింద జొన్నగింజంత నీలం పూలు గుంపుగా కనిపించాయి. ఫోన్‌లో యాప్ ఒక ఫొటోకి వెరోనికా అంది, ఇంకో ఫొటోకి లూపిన్ అంది. అసలు ఏమిటది? గింజలు ఏరి ధర్మవరంలో ఉన్న అమ్మగారికి పంపితే కుండీలో వస్తుందా?

అది కొలిన్సియా పార్విఫ్లోరా. ఇక్కడివాళ్లు బ్లూ ఐడ్ మేరీ అంటారు, అంటే నీలికళ్ల మేరీ. ఇది బయటినుంచి వచ్చిన కలుపు కాదు, ఈ నేలదే. ఏడాదికోసారి పుట్టి ఆ ఏడాదే పోయే మొక్క. ధర్మవరంలో రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే అది ఇక్కడ ఎలా బతుకుతుందో చెప్పాలి, అందుకే జవాబు కాస్త పొడుగైంది.

ముందు యాప్ సంగతి. దాన్ని తిట్టకండి, అది చేసిన రెండు తప్పుల్లో ఒకటి చాలా తెలివైన తప్పు. మీ రెండో ఫొటో పెద్దది చేసి చూడండి. పూవుకి పైన రెండు తెల్లటి రేకులు, కింద రెండు నీలం రేకులు, మొత్తం నాలుగే ఉన్నట్టు అనిపిస్తుంది. వెరోనికాకి కూడా నాలుగే, అదీ నీలమే. కాబట్టి ఆ పేరు వచ్చింది. కానీ వెరోనికా పూవు విప్పిన గొడుగులా పరుచుకుని ఉంటుంది, మధ్యలో రెండే కేసరాలు బయటికి కనిపిస్తాయి. మీ పూవులో కేసరాలు అసలు కనపడవు. అవి ఎక్కడున్నాయో వెతకడమే దీన్ని గుర్తుపట్టే పద్ధతి.

పదిరెట్లు పెద్దగా చూపే చిన్న లెన్స్ ఒకటి కొనుక్కోండి, నగల షాపుల్లో వాడేలాంటిది. రాలిపోబోయే పూవు ఒకదాన్ని గోటి మీద పెట్టుకుని గుండుసూదితో కింది రెండు నీలం రేకుల్ని మెల్లగా విడదీయండి. మధ్యలో ఐదో రేకు దొరుకుతుంది. అది పొడుగునా మధ్యకి మడతపడి, దోనెలాగా, రెండు పక్కరేకుల మధ్య దాక్కుని ఉంటుంది. దాన్ని కూడా సూదిమొనతో విప్పితే లోపల నాలుగు కేసరాలు, వాటి మధ్య కీలం. చిన్నప్పుడు బఠానీ పూవునో అవిసె పూవునో విప్పి చూసినవాళ్లకి ఇది ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఇంటర్ బోటనీలో చెప్పిన ధ్వజం (పైకి నిలబడే రేకు), బాహువులు (పక్క రేకులు), ద్రోణి (కింద దోనెలా ఉండేది) గుర్తున్నాయా? అచ్చం అదే ఏర్పాటు. లూపిన్ శనగ కుటుంబపు మొక్క. యాప్ లూపిన్ అన్నది ఇది చూసే. మనిషైనా ఒక్క క్షణం మోసపోతాడు.

కానీ ఈ రెండు కుటుంబాలకీ చుట్టరికం లేదు. శనగ కుటుంబంలో ద్రోణి రెండు రేకులు కలిస్తే ఏర్పడేది, ఇక్కడ ఒక్క రేకు మడతపడితే ఏర్పడింది. అక్కడ కేసరాలు పది, ఇక్కడ నాలుగు. ఐదోది ఉండాల్సిన చోట ఒక చిన్న గ్రంథి మిగిలింది. ఇంకా సులువైన గుర్తు ఆకు. లూపిన్ ఆకు వేళ్లు చాపిన అరచెయ్యిలా ఉంటుంది. దీని ఆకులు కోలగా, తులసికి ఉన్నట్టు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, పైకి పోయేకొద్దీ మూడు నాలుగు ఒకే చోట చుట్టూ కూడా వస్తాయి. అడుగు ఆకుల్ని తిరగేస్తే చాలాసార్లు వంకాయ రంగు ఉంటుంది.

మరి దీని అసలు బంధువు ఎవరంటే ఇసబ్‌గోల్. నిజమే, మలబద్ధకానికి నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్‌గోలే. పాత పుస్తకాల్లో కొలిన్సియాని వేరే కుటుంబంలో పెట్టేవారు, డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఇసబ్‌గోల్ ఉన్న ప్లాంటజినేసీ కుటుంబంలోకి మార్చారు. మీకు దొరికిన పాత గైడ్‌లో స్క్రోఫులేరియేసీ అని ఉంటే కంగారు పడకండి, అప్పటికి అదే సరి.

ఇంకో గుర్తు చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పూవుని పక్కనుంచి చూడండి. ఆకుపచ్చ తొడుగులోంచి పూగొట్టం తిన్నగా రాదు, మోకాలు వంచినట్టు వంగి వస్తుంది. ఆ వంపు దగ్గర పైభాగాన చిన్న మూపురం ఉంటుంది. మకరందం చేరేది అందులో. పూవు మొత్తం పొడవు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు. అంత చోటులో మోకాలు, మూపురం, దోనె, దాని లోపల నాలుగు కేసరాలు! ఇలాంటివాటిని ఇక్కడి పూల పిచ్చోళ్లు బెల్లీ ఫ్లవర్స్ అంటారు, బొజ్జ నేలకానించి బోర్లా పడుకుంటే తప్ప కనిపించని పూలు అని. నేను మొదటిసారి దారి పక్కన అలా పడుకున్నప్పుడు వెనకనుంచి వస్తున్న ఆవిడ ఆగి అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చెయ్యాలా అని అడిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: ఇంత చిన్నగా ఎందుకు?

బాయిసీలో ఏడాదికి పడే వాన 300 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాని కరువు జిల్లా అంటాం కదా, అక్కడ 550 దాకా పడుతుంది. మాదీ మడకశిర వైపే. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ లెక్క చూసి, ఇంత తక్కువ నీళ్లతో కొండంతా పచ్చగా ఎలా ఉందని ఆశ్చర్యపోయాను. జూన్‌లో జవాబు దొరికింది, కొండంతా తాటాకు రంగుకి తిరిగింది. ఇక్కడ నీళ్లు తక్కువ కావడం ఒక్కటే కాదు, నీళ్లొచ్చే కాలమే తిరగబడి ఉంటుంది. మనకి ఎండాకాలం పోగానే వాన. ఇక్కడ చలికాలం, వసంతం తడి, ఎండాకాలం పూర్తిగా పొడి. జూలై, ఆగస్టు రెండూ కలిపినా అరంగుళం అటూ ఇటూ. అంటే వెచ్చదనం వచ్చేసరికి తడి పోతుంది, తడి ఉన్నప్పుడు చలి. మొక్క పెరగడానికి రెండూ కలిసి ఉండేది వసంతంలో కొన్ని వారాలే.

ఆ కొన్ని వారాల్లో బతుకు మొత్తం ముగించాలి. కొలిన్సియా చేసేదల్లా అదే. పెద్దపొదలు లోతుకి వేళ్లు దించి ఎండాకాలం గట్టెక్కుతాయి. దుంపజాతులు దుంపలో దాచుకుని నిద్రపోతాయి. ఈ ఏకవార్షికానికి ఆ రెండూ లేవు. అది ఎండాకాలాన్ని గింజగా దాటుతుంది. శరదృతువులో వానలు పడగానే కొన్ని గింజలు మొలుస్తాయి, మంచు కింద రెండాకులతో ఓపిక పట్టి కూర్చుంటాయి. మిగిలినవి మంచు కరిగాక మొలుస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో పూత, మేలో కాయ, జూన్‌కి మొక్క ఆనవాలు ఉండదు. ఒళ్లు పెంచుకునే తీరిక లేదు. తడి బాగున్న ఏడు జానెడు దాటుతుంది. ఎండు ఏట నేను చూసిన మొక్కలు కొన్ని బొటనవేలంత కూడా లేవు, అయినా ప్రతిదానికీ ఒక పూవు, ఒక కాయ. పంట పూర్తిగా పోయిందనే మాట దానికి తెలీదు.

తేనెటీగల విషయంలోనూ ఇదే తొందర. మార్చిలో మధ్యాహ్నం పది డిగ్రీలు, గాలి, మర్నాడు మంచు. ఈగ వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఇంత చిన్న పూలున్న మొక్కలు ఎవరి కోసమూ ఎదురు చూడవు, ఆ దోనె లోపలే తమ పుప్పొడి తమ కీలాగ్రానికి తగిలి గింజ కట్టేస్తాయి. ఈగ వస్తే సంతోషం, రాకపోతే నష్టం లేదు. ఇదే జాతిలో కెనడాలోని వాంకూవర్ దీవిలో పూవు సైజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పెద్ద పూలున్న చోట ఈగల మీద ఆధారపడటం ఎక్కువ, చిన్న పూలున్న చోట తక్కువ. బాయిసీ కొండల్లో ఉన్నవి చిన్న పూల రకం. అంటే మీరు చూసిన ఆ జొన్నగింజంత సైజు దాని పేదరికం కాదు, అది కాలంతో వేసుకున్న లెక్క. గింజలు కూడా కాయకి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, కానీ మొక్క సైజుకి అవి పెద్దవి.

సేజ్‌బ్రష్ కిందే ఎక్కువ కనిపించాయని రాశారు చూడండి, బాగా గమనించారు. సేజ్‌బ్రష్ మనకి పరాయిది కాదు. దాని శాస్త్రీయ నామం ఆర్టిమీసియా ట్రైడెంటేటా. పూలమాలల్లో కట్టే దవనం కూడా ఆర్టిమీసియానే, వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచీపత్రమూ అదే ప్రజాతి. వాన పడ్డాక ఒక ఆకు నలిపి వాసన చూడండి. దవనమంత తియ్యగా ఉండదు, కర్పూరం కలిసిన ఘాటు, కానీ చుట్టరికం ముక్కుకి తెలిసిపోతుంది. ఇక్కడ కొందరు తెలుగువాళ్లు చవితికి పత్రి దొరక్క దీని కొమ్మ ఒకటి పెడతారు. వృక్షశాస్త్రం ప్రకారం నాకు అభ్యంతరం లేదు.

ఆ పొద కింద ఏం జరుగుతుందంటే, గాలికి కొట్టుకొచ్చే మంచు పొద దగ్గర ఆగుతుంది, రాలిన ఆకు కుళ్లి నేల కాస్త మెత్తబడుతుంది, నీడకి తడి వారం పదిరోజులు ఎక్కువ నిలుస్తుంది. ఆ వారం పదిరోజులే కొలిన్సియాకి ఒక కాయకీ రెండు కాయలకీ తేడా. పొదకీ పొదకీ మధ్య బోసిగా కనిపించే నేల నిజానికి బోసిది కాదు. దాని మీద నల్లగా, గరుకుగా ఒక పెంకు ఉంటుంది. నాచు, లైకెన్లు, సయనోబ్యాక్టీరియా కలిసి అల్లుకున్న పొర అది. కొన్నేళ్లకిగానీ ఏర్పడదు, ఒక్క బూటుకి పగులుతుంది. ఫొటో కోసం దారి దిగేముందు అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకోండి.

ఇక దీని శత్రువు. మీ మూడో ఫొటోలో పూల వెనక సన్నగా, లేత ఆకుపచ్చగా, మెత్తని నూగుతో ఉన్న గడ్డి చూశారా? అది చీట్‌గ్రాస్, బ్రోమస్ టెక్టోరమ్. యూరప్, ఆసియాల నుంచి 19వ శతాబ్దంలో అమెరికా చేరింది. నేను మొదటి ఏడాది దాన్ని చూసి ముచ్చటపడ్డాను, ఇంటికి ఫొటో పంపి మన ఊరి గడ్డిలా ఉందని రాశాను. మేలో అది వంకాయరంగుకి తిరిగి, ఎండి, దాని ముళ్లగింజలు సాక్సులోకి దిగాక ముచ్చట పోయింది.

నా బాధ సాక్సు గురించి కాదు. చీట్‌గ్రాస్ క్యాలెండరూ కొలిన్సియా క్యాలెండరూ ఒకటే. అదీ శరదృతువులో మొలుస్తుంది, చలికాలమంతా వేళ్లు పెంచుకుంటుంది, వసంతపు తడి తాగేస్తుంది, జూన్‌కి ఎండిపోతుంది. తేడా ఏమిటంటే కొలిన్సియా ఎండితే గాలికి పోతుంది, చీట్‌గ్రాస్ ఎండితే కొండమీద పరిచిన వరిగడ్డిలా నిలబడుతుంది. ఒక నిప్పురవ్వ చాలు. 2016 జూన్ చివర్లో బాయిసీ పక్కనున్న టేబుల్ రాక్ కొండ దగ్గర ఎవరో బాణసంచా కాల్చితే రెండువేల ఐదువందల ఎకరాలు కాలింది. ఇప్పటికీ ఆ వాలు మీద నడిస్తే తేడా తెలుస్తుంది. పూర్వం ఈ పొదల్లో ఒకసారి మంట వచ్చాక మళ్లీ రావడానికి దశాబ్దాలు పట్టేది. చీట్‌గ్రాస్ నిండిన చోట ఐదారేళ్లకోసారి కూడా వస్తోంది. సేజ్‌బ్రష్ కాలితే మోడునుంచి చిగురు వెయ్యదు, చచ్చిపోతుంది. గింజనుంచే మళ్లీ రావాలి. అది ఎదిగేలోపు ఇంకో మంట. అలా పొద పోయి గడ్డి మిగులుతుంది.

కొలిన్సియా మంటకి నేరుగా చావదు, ఎందుకంటే మంటల కాలానికి అది మట్టిలో గింజగా ఉంటుంది. మంట తర్వాత వసంతంలో బాగా పూసిన చోట్లు కూడా చూశాను. కానీ రెండేళ్లకి పాత గడ్డి చాపలా పరుచుకున్నాక, అదే వాలు మీద మోకాళ్ల మీద పాకినా నాలుగు మొక్కలు దొరకలేదు. ఇది నా కళ్లతో చూసిన లెక్క మాత్రమే, పరిశోధన కాదు. ఈ పూవు ఇంకా అరుదైనదేమీ కాదు, అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా ఉంది. అదే కొండల్లో ఉండే ఆసే ఉల్లి లాంటి నిజంగా అరుదైన మొక్కకి ఆ వెసులుబాటు లేదు.

ఒక పిట్టకథ. ఇక్కడివాళ్ల మొక్కలు మన దగ్గరికి రావు గానీ మనకి బాగా తెలిసిన మొక్క ఒకటి ఇక్కడ వీళ్ల ప్రాణం తీస్తోంది. పల్లేరు! బాయిసీలో సైకిల్ పంక్చర్లకి పెద్ద కారణం పల్లేరు కాయ. గోట్‌హెడ్ అంటారు. ఏటా వేసవిలో జనం సంచులకొద్దీ పీకుతారు. ఊళ్లో చెప్పుల్లేకుండా తిరిగి పల్లేరు గుచ్చించుకున్నవాడిగా ఆ పనికి నేను తప్పకుండా వెళ్తాను.

సరే, అమ్మగారి కుండీ. మొదటి అడ్డంకి చట్టం. మన దేశంలోకి విత్తనం తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి, విత్తనానికి తెగుళ్లు లేవని ఇక్కడి అధికారులిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సూట్‌కేసులో పొట్లం కట్టి తీసుకెళ్లడం కుదరదు. చీట్‌గ్రాస్ కూడా ఎవరో గోధుమ విత్తనాల్లో, ప్యాకింగ్ గడ్డిలో తెలియకుండా తెచ్చిందే, కాబట్టి ఈ రూల్‌ని ఉత్త కాగితాల గొడవ అనుకోకండి. రెండో అడ్డంకి వాతావరణం. గింజ మొలవాలంటే తడి, చలి రెండూ కలిసి కొన్ని వారాలు ఉండాలి. ధర్మవరంలో తడి ఉండేది జూలై నుంచి అక్టోబరు దాకా, అప్పుడు చలి ఎక్కడిది? డిసెంబరు రాత్రులు కాస్త చల్లబడేసరికి వాన వెళ్లిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా ఫిబ్రవరి ఎండకి నిలవదు. అమ్మగారికి ఫొటో ఫ్రేం కట్టించి ఇవ్వండి, అది ఎండదు.

మీ పెరట్లో మాత్రం పెంచొచ్చు. దారి పక్కనుంచి మొక్క పీకి తేవద్దు, వేరు తెగి ఇంటికొచ్చేలోపు వాడిపోతుంది. పైగా అక్కడ కాయ కాసి గింజ రాలాల్సిన మొక్క అది. స్థానిక మొక్కలు అమ్మే నర్సరీల్లో, ఇడాహో నేటివ్ ప్లాంట్ సొసైటీ వాళ్ల దగ్గర అడగండి. సాధారణ షాపుల్లో కొలిన్సియా పేరుతో దొరికే ప్యాకెట్ చాలాసార్లు కొలిన్సియా హెటెరోఫిల్లా ఉంటుంది, చైనీస్ హౌసెస్ అంటారు. అది కాలిఫోర్నియాది, అంతస్తులుగా పెద్ద పూలు పూస్తుంది. అందంగానే ఉంటుంది గానీ మీరు చూసింది అది కాదు.

నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తాను. మార్చిలో కుండీలో మంచి ఎరువు మట్టి నింపి, గింజ వేసి, మన ఇంట్లో తోటకూరకి పోసినట్టు రోజూ నీళ్లు పోశాను. సగం మొలవలేదు. మొలిచినవి బారుగా, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి కుళ్లిపోయాయి. రెండో ఏడు అక్టోబరులో పెరటి మూల ఇసక కలిసిన వట్టి మట్టి మీద గింజ చల్లి, చేత్తో అద్ది, అలాగే వదిలేశాను. మంచు పడింది, కరిగింది. మార్చిలో చూస్తే రెండాకులతో ముప్ఫై నలభై. కలుపు అనుకుని వాటిని పీకెయ్యకుండా చుట్టూ నాలుగు గులకరాళ్లు పెట్టుకోండి. ఎరువు వద్దు. నీళ్లు, ఏప్రిల్‌లో మరీ వాన లేకపోతే ఒకటి రెండుసార్లు. కాయ పండాక పగిలి గింజలు అక్కడే రాలుతాయి, మరుసటి ఏడు మీరు ఏమీ చెయ్యక్కర్లేదు.

ఈ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్తాను. ఫిలడెల్ఫియాలో జకియస్ కాలిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన పేరు మీద 1817లో థామస్ నట్టల్ ఈ ప్రజాతికి కొలిన్సియా అని పెట్టాడు. పార్విఫ్లోరా అంటే చిన్న పూలది. ఆ పేరుతో 1827లో లండన్‌లో జాన్ లిండ్లీ అచ్చువేశాడు, ఈ పశ్చిమ తీరం నుంచి దాన్ని పట్టుకెళ్లింది డేవిడ్ డగ్లస్. డగ్లస్ ఫర్ అనే మహావృక్షానికి పేరిచ్చింది ఈయనే. అరవై మీటర్ల చెట్టునీ ఆరు మిల్లీమీటర్ల పూవునీ ఒకే మనిషి ఏరాడు.

ఈ ఏడాదికి ఊరి దగ్గర కొండల్లో అయిపోయినట్టే. కానీ బోగస్ బేసిన్ రోడ్డు వెంట పైకి వెళ్తే మంచు ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి మే చివర్లో, జూన్ మొదట్లో మళ్లీ దొరుకుతుంది. ఉత్తరం వైపు వాలు, పొద నీడ, నేల ఇంకా చల్లగా ఉన్న చోటు చూడండి. దాని పక్కనే ఐదు సమానమైన గులాబీరంగు రేకులతో ఇంతే చిన్న పూవు కనిపిస్తే అది మైక్రోస్టెరిస్, కొలిన్సియా కాదు. యాప్ ఈ రెండింటినీ కూడా కలిపేస్తుంది.

మీ మొదటి ఫొటోలో కుడి మూల తెల్లగా ఒకటి ఉంది, ఆకుల్లేని సన్నటి కాడ మీద నాలుగు రేకులు, ఒక్కో రేకు సగానికి చీలి. అది ఆవాల కుటుంబపు డ్రాబా వెర్నా. దాని దగ్గరి ఫొటో ఉంటే పెట్టండి, కాయ ఆకారం చూడాలి.